గొల్యాతు ఎత్తు ఎంత? సూక్ష్మ బొమ్మల్లో బైబిలు, యుద్ధాలు

డిసెంబరు రాగానే నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ బజార్లలో పశువుల పాక సెట్లు దిగుతాయి. మరియమ్మ, యోసేపు, తొట్టిలో బాలయేసు, ముగ్గురు జ్ఞానులు, ఒకరిద్దరు గొల్లలు, ఆవు, గాడిద, ఒంటె. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోసి మెరుపు రంగులు అద్దినవి. పండుగ అయ్యాక పాత చీర ముక్కల్లో చుట్టి అటకెక్కిస్తారు. ఆ జ్ఞానుల తలపాగా ఏ దేశపుదని కొనేవాళ్లెవరూ అడగరు, అడగనక్కర్లేదు కూడా.

ఇదే బొమ్మకు మరో లోకం ఉంది. అక్కడ రెండంగుళాల రోమా సైనికుణ్ణి అద్దాల బీరువాలో నిలబెట్టి, అతని డాలు పలకగా ఉండాలా, కోలగా ఉండాలా అని పెద్దవాళ్లు ఏళ్ల తరబడి తగువు పడతారు. యేసు జీవిత దృశ్యాలు, ఫరోల ఈజిప్టు, నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధం, రెండో ప్రపంచ యుద్ధం అన్నీ అక్కడ పక్కపక్కనే ఉంటాయి. హాంగ్‌కాంగ్‌కు చెందిన కింగ్ అండ్ కంట్రీ వంటి కంపెనీలు జర్మన్ ట్యాంకుల సిబ్బందినీ చేస్తాయి, గాడిదనెక్కి యెరూషలేముకు వచ్చే యేసునూ చేస్తాయి. ఆన్‌లైన్ అమ్మకాల పుణ్యమా అని ఆ కేటలాగులు ఇప్పుడు దేవరకొండలో ఫోను మీదా తెరుచుకుంటున్నాయి. ఇవి ఆట వస్తువులా, భక్తి వస్తువులా, చరిత్ర నమూనాలా అన్నది చూడగానే తేలదు. దేవుడి కథకూ ఫిరంగులకూ ఒకే అల్మారాలో చోటెందుకన్నదీ తేలదు. ఇంతకూ ఆ బొమ్మ చూపించేదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? నా దృష్టిలో అసలు చిక్కు ఈ చివరిదే. ముందు మొదటి రెండింటినీ దాటుదాం.

సైనికుడి బొమ్మ పిల్లల ఆట కోసం పుట్టలేదు. ఈజిప్టులోని అస్యూత్‌లో మెసెహ్తి అనే అధికారి సమాధిలో రెండు చెక్క దళాలు దొరికాయి. ఒక దాంట్లో 40 మంది ఈజిప్టు బల్లెగాళ్లు, మరో దాంట్లో 40 మంది నూబియా విలుకాళ్లు. దాదాపు నాలుగు వేల ఏళ్ల నాటివి. చనిపోయిన దొరకు పరలోకంలోనూ కాపలా ఉండాలని పెట్టిన సేన అది. అంటే మొదటి నుంచీ ఈ బొమ్మకు ఒక కాలు మత విశ్వాసంలో, మరో కాలు యుద్ధంలో ఉంది.

ఆట వస్తువుగా, సేకరణ వస్తువుగా అది స్థిరపడింది 18వ శతాబ్దపు జర్మనీలో. నూరెంబర్గ్‌లో హిల్పెర్ట్ కుటుంబం తగరంతో రేకులాంటి పల్చటి సైనికులను పోసింది. తర్వాతి శతాబ్దంలో అదే ఊళ్లో హైన్‌రిక్సన్ సంస్థ 30 మిల్లీమీటర్ల కొలతను స్థిరపరచింది. దాంతో ఒకరి దగ్గర కొన్న గుర్రం పక్కన మరొకరి దగ్గర కొన్న సిపాయి పొట్టిగానో పొడుగ్గానో కనిపించే బాధ తప్పింది. అదే కాలంలో జర్మనీలోని ఎర్జ్‌గెబిర్గె కొండల్లో, ముఖ్యంగా జైఫెన్ అనే ఊళ్లో, జలప్రళయం నుంచి జంతువులను కాపాడిన నోవహు ఓడల సెట్లు తయారయ్యేవి. వాటి పనితనం చెప్పుకోదగ్గది. స్ప్రూస్ చెట్టు దుంగను అడ్డంగా కోసి, ఆ గుండ్రటి చెక్కను తరిమెన (లేత్) మీద ఉంగరంలా తిప్పుతూ గాడులు తీస్తారు. తిరుగుతున్నంత సేపూ అది ఏమిటో అర్థం కాదు. తర్వాత ఉంగరాన్ని జిలేబీ ముక్కల్లా నిలువునా చీలిస్తే, ప్రతి ముక్కా అడ్డుకోతలో ఒక ఆవో ఏనుగో అయి ఊడిపడుతుంది. కాళ్లూ మూతీ కత్తితో కాస్త సరిచేసి రంగు వేస్తారు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో నియమాలు పాటించే ఇళ్లలో ఆదివారం నాడు మామూలు బొమ్మలు ముట్టనిచ్చేవారు కాదు. నోవహు ఓడ బైబిలు కథ కనుక దానికి మినహాయింపు. వారమంతా సిపాయిలు, ఆదివారం ఓడ. ఒకే అల్మారాలోకి ఇవి ఎలా చేరాయో ఇంతకంటే చెప్పాల్సిన పని లేదు.

ఇక 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ సంస్థ గుల్ల పోతను వాడుకలోకి తెచ్చింది. కరిగిన సీసం మిశ్రమాన్ని అచ్చులో పోసి, అంచులు గడ్డకట్టగానే లోపలి ద్రవాన్ని తిరిగి వంచేస్తారు. పెంకు మిగులుతుంది, లోపల బోలు. లోహం ఆదా, బరువు తక్కువ, ధర తక్కువ. ఆ సంస్థ ఎంచుకున్న 54 మిల్లీమీటర్ల ఎత్తే నేటికీ సేకరణదారుల ప్రధాన కొలత. అసలు మనిషిలో అది 32వ వంతు. 1966లో బ్రిటన్‌లో సీసపు ఆట బొమ్మలకు తెరపడింది. ఆ తర్వాత పిల్లల భాగం ప్లాస్టిక్‌కు వెళ్లిపోయింది, లోహపు బొమ్మ పెద్దల చేతిలో మిగిలింది. ఈ వస్తువు గంభీరంగా మారింది అప్పటి నుంచే అనుకోవచ్చు. పిల్లవాడికి సిపాయి నిలబడితే చాలు. పెద్దవాడికి గుండీలు లెక్క తేలాలి.

హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగాన్ని చాలామంది గడియారం మోగే వేళ కోసం తొందరపడి దాటేస్తారు. అక్కడి బొమ్మ సైన్యం ముందు కొంచెం ఆగి చూడండి. సంపన్నుల ఇళ్లలో ఈ అభిరుచి మన దగ్గరికి ఎప్పుడో వచ్చిందని తెలుస్తుంది.

కొలత గురించి ఒక్క మాట చెప్పి అసలు విషయానికి వస్తాను. పెట్టె మీద రెండు రకాల అంకెలుంటాయి. 1/32, 1/72 వంటివి నిష్పత్తులు, వాటితో పేచీ లేదు. 28 మిల్లీమీటర్లు, 54 మిల్లీమీటర్లు వంటివి ఎత్తులు, పేచీ అంతా వీటితోనే. కొందరు పాదం నుంచి నడినెత్తి దాకా కొలుస్తారు, కొందరు కళ్ల దాకానే కొలుస్తారు. టోపీ లెక్కలోకి రాదు. బల్ల మీద యుద్ధ క్రీడ ఆడేవారి కోసం చేసే 28 మిల్లీమీటర్ల బొమ్మలకు తల, చేతులు కావాలనే పెద్దవి చేస్తారు, దూరం నుంచి ఆనవాలు పట్టడానికి. కాబట్టి రెండు కంపెనీల బొమ్మలను ఒకే దృశ్యంలో నిలబెట్టాలనుకునేవారు అంకెను చూసి కాదు, పక్కపక్కన పెట్టిన ఫోటోను చూసి కొనాలి.

ఇప్పుడు గొల్యాతు, బైబిలు కథలో గొర్రెల కాపరి దావీదు వడిసెల రాయితో కూల్చిన ఫిలిష్తీయుల వీరుడు. దావీదు, గొల్యాతుల జంట లేని బైబిలు సెట్టు అరుదు. సమూయేలు మొదటి గ్రంథం 17వ అధ్యాయం అతని ఎత్తును ఆరు మూరల జానెడు అంటుంది. మన బస్టాండుల దగ్గర మల్లెపూలు మోచేతికి కొలిచి ఇచ్చే మూరే ఇదీనూ, సుమారు 45 సెంటీమీటర్లు. లెక్క కడితే 292 సెంటీమీటర్లు, అంటే తొమ్మిదిన్నర అడుగులు దాటుతుంది. మనం చదివే బైబిళ్లు అనుసరించే హెబ్రీ పాఠం అది. కానీ మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో దొరికిన అంతకంటే పాత ప్రతిలోనూ, ప్రాచీన గ్రీకు అనువాదంలోనూ, యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాతలోనూ ఆ అంకె నాలుగు మూరల జానెడు. అంటే 202 సెంటీమీటర్లు, ఆరున్నర అడుగుల పైచిలుకు. మనుషుల్లో పొడవరే, అయినా మనిషే.

పుస్తకంలో ఇది అడుగున ఒక చిన్న గమనికగా సరిపోతుంది. బొమ్మ చేసేవాడికి ఆ వెసులుబాటు లేదు. 1/32లో మొదటి గొల్యాతు 91 మిల్లీమీటర్లు, రెండో గొల్యాతు 63 మిల్లీమీటర్లు. పక్కన దావీదు 50కి అటూ ఇటూ. అచ్చు తీసేనాటికి ఏదో ఒకటి తేల్చుకోవాల్సిందే. మొదటిది ఎంచుకుంటే దావీదు తల గొల్యాతు నడుము దగ్గరికి వస్తుంది, చూసినవాడికి అద్భుతం కనబడుతుంది. రెండోది ఎంచుకుంటే ఇద్దరు మనుషుల పోరు కనబడుతుంది, ఆయుధాల తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. రెండింటికీ ఆధారం ఉంది. ఏ ఆధారంతో చేశామన్నది మాత్రం పెట్టె మీద రాసిన వారిని నేను చూడలేదు.

ఎత్తు తేలినా దుస్తులు తేలవు. అదే అధ్యాయం గొల్యాతుకు రాగి శిరస్త్రాణం, ఐదు వేల తులాల పొలుసుల కవచం, కాళ్లకు రాగి కవచాలు, ఆరు వందల తులాల ఇనుప మొనగల ఈటె ఇస్తుంది. ఆ తులం హెబ్రీయుల తూకం షెకెలు, సుమారు 11.4 గ్రాములు. కవచం ఒక్కటే 57 కిలోల దాకా తూగుతుంది. ఈజిప్టులో మెదినెత్ హబు ఆలయం గోడ మీద మూడో రామెసెస్ చెక్కించిన ఫిలిష్తీయుల తలకు మాత్రం శిరస్త్రాణం లేదు. ఈకల్లా నిక్కబొడుచుకున్న కుళ్లాయి ఉంది. గ్రంథాన్ని పాటిస్తే శిరస్త్రాణం, శిల్పాన్ని పాటిస్తే కుళ్లాయి. ఆ శిల్పం క్రీస్తుపూర్వం 12వ శతాబ్దిది, దావీదు కాలం అంతకు నూటయాభై ఏళ్ల తర్వాతిది. మంచి శిల్పులు సైన్యానికి కుళ్లాయిలు పెట్టి, గొల్యాతు ఒక్కడికి రాగి పెడతారు. తెలివైన రాజీ.

దావీదు చేతిలోని వడిసెల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాలమూరు రైతు పరీక్షకుడిగా కూర్చోవచ్చు. జొన్న చేలలో మంచె మీద నిలబడి పిట్టలను తోలడానికి వాడిన వడిసెల ఇక్కడి పెద్దల చేతులకు తెలుసు. రెండు తాళ్లు, మధ్యలో రాయి పట్టే అల్లిక. ఒక తాడు కొసన ఉన్న ఉచ్చు వేలికి తగిలించి ఉంటుంది, రెండో కొస బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టు మాత్రమే. తిప్పి, సరైన క్షణంలో రెండో కొసను వదిలేస్తే రాయి వెళ్తుంది, తాడు వేలికే వేలాడుతుంది. తిప్పేటప్పుడు బరువు వెనక కాలి మీద ఉంటుంది, ఎడమ భుజం గురి వైపు తిరిగి ఉంటుంది, తాళ్లు రెండూ కర్రల్లా బిగిసి ఉంటాయి. బజారులో దొరికే దావీదులు చాలామంది రెండు కాళ్ల మీదా సమంగా నిలబడి, వదులుగా వేలాడే తోలు పట్టీని నెత్తి మీద పట్టుకుని ఉంటారు. ఆ నిలకడతో విసిరితే రాయి పక్కవాడికి తగులుతుంది. అసలు అంత సన్నటి తాడును లోహంలో పోయలేరు కనుక తీగ ముక్కతో విడిగా చేసి అతికిస్తారు. తీగ కనుకే దాన్ని వంచి సరిచేసుకోవచ్చు.

వడిసెల పిల్లల ఆటవస్తువని, గొర్రెల కాపరి అమాయకపు పరికరమని బోధించే బొమ్మలు తప్పుదారి పట్టిస్తాయి. అసిరియా రాజు సన్హెరీబు క్రీస్తుపూర్వం 701లో లాకీషు కోటను పట్టిన దృశ్యాన్ని తన మహలు గోడల మీద చెక్కించాడు, ఆ పలకలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అందులో విలుకాళ్ల వెనక వడిసెలగాళ్లు వరుస కట్టి ఉంటారు. అంటే అది సైన్యంలో ఒక విభాగం. లాకీషు తవ్వకాల్లో దొరికిన వడిసెల రాళ్లు దాదాపు నల్లగొండ బత్తాయంత ఉంటాయి. మనకూ ఇది పరాయి సంగతి కాదు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో నల్లగొండ పల్లెలు తుపాకుల కంటే ముందు పట్టుకున్నవి గుత్పలు, వడిసెలలే. దావీదు సెట్టును ఈ జిల్లాలో ఎవరైనా చేస్తే నేర్చుకోవడానికి లండన్ వెళ్లనక్కర్లేదు.

సిలువ దృశ్యంలోని రోమా సైనికుల దగ్గర ఇంకో చిక్కు. దాదాపు అన్ని సెట్లలోనూ వాళ్లు ఉక్కు పట్టీల కవచం, వంపు తిరిగిన పలక డాలు, ఎర్రటి అంగీతో ఉంటారు. రోమా సైనికుడంటే మన కళ్ల ముందు మెదిలే రూపం అదే, అది ఎక్కువగా క్రీస్తుశకం 113లో రోమ్‌లో నిలిపిన, యుద్ధ దృశ్యాలు చెక్కిన ట్రాజన్ స్తంభం నుంచి వచ్చింది. అయితే యేసు కాలంలో యూదయలో కాపలా ఉన్నవి రోమా పౌరుల ప్రధాన దళాలైన లీజియన్లు కావు, సహాయక దళాలు. వాటిలో కైసరయ, సెబాస్తె చుట్టుపక్కల నుంచి తీసుకున్న స్థానికులే ఎక్కువ. సహాయక సైనికుడికి గొలుసు అల్లిక కవచం, కోల డాలు అన్నది పండితుల అంచనా. పట్టీల కవచం అప్పటికే ఉంది, జర్మనీలో క్రీస్తుశకం 9వ సంవత్సరపు యుద్ధభూమిలో దాని ముక్కలు దొరికాయి కూడా. కాబట్టి ఆ వస్తువు తప్పు కాదు, అది ఉన్న చోటు తప్పు. డాలు పలకగా ఉండాలా కోలగా ఉండాలా అన్న తగువు పైకి పిచ్చిగా కనిపించినా, దాని అడుగున ఉన్న ప్రశ్న పెద్దదే. యేసును సిలువకు కొట్టిన చేతులు దూరపు ఇటలీవా, పక్క ఊరివా?

పశువుల పాక సంగతి చరిత్ర లెక్కన చూస్తే మరీ సరదా. గొల్లలు, తొట్టి లూకా సువార్తలోవి. జ్ఞానులు మత్తయి సువార్తలోవారు, వారు వచ్చింది ఇంటికి, పాకకు కాదు. ముగ్గురని ఎక్కడా లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడున్నాయి కనుక మనుషులను ముగ్గుర్ని చేశారు. ఒంటెలు లేవు, ఆవు గాడిద లేవు. ఈ రెండూ యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలోని ఒక వచనం ఆసరాగా తర్వాతి భక్తులు తెచ్చి కట్టేసినవి. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో ఫ్రాన్సిస్ అనే సన్యాసి నిజమైన ఎద్దును, గాడిదను పెట్టి క్రిస్మస్ దృశ్యం ఏర్పాటు చేశాక వాటిని ఇక ఎవరూ కదిలించలేకపోయారు.

దీన్ని నేను తప్పుల జాబితాగా చెప్పడం లేదు. ఫ్రెంచి విప్లవ కాలంలో చర్చిలు మూతపడినప్పుడు మార్సెయ్ నగరంలో జాన్ లూయీ లానెల్ అనే శిల్పి ఇళ్లలో పెట్టుకోవడానికి మట్టి బొమ్మలు అచ్చుల్లో తీయడం మొదలుపెట్టాడు. సాంతొన్ అంటారు. అందులో బేత్లెహేము మనుషుల కంటే అక్కడి పల్లె జనమే ఎక్కువ: రొట్టెలు కాల్చేవాడు, చేపలమ్మే ఆమె, కత్తులు నూరేవాడు. 1803 నుంచి ఆ ఊళ్లో ఈ బొమ్మలకు సంత జరుగుతోంది. చరిత్ర ప్రకారం అది పూర్తిగా తప్పు. అయినా ఎవరినీ మోసం చేయదు, ఎందుకంటే మా ఊరికి యేసు వచ్చాడని అది బాహాటంగా చెబుతుంది. ఆ లెక్కన మన పాకలో గొల్లవాడికి పట్టు జుబ్బా తీసేసి నల్ల గొంగడి కప్పితే ఎంత బాగుంటుంది! గొర్రెబొచ్చు గొంగడి బేత్లెహేము చలికీ సరిపోతుంది, పాలమూరు చలికీ సరిపోతుంది. పైగా పట్టు జుబ్బా కంటే అదే నిజానికి దగ్గర. నాకు అభ్యంతరమల్లా ఊహను చరిత్రగా అమ్మే బొమ్మతోనే.

బొమ్మను ఎక్కడ నిలబెట్టామన్నది కూడా వాదనే అని తెలియాలంటే వాటర్లూ నమూనా కథ వినాలి. విలియం సైబోర్న్ అనే బ్రిటిష్ అధికారికి 1830లో ఆ యుద్ధభూమి నమూనా చేసే పని అప్పగించారు. అతను నెలల తరబడి అక్కడే ఉండి నేల ఎగుడుదిగుళ్లు కొలిచాడు. యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాసి, ఆ సాయంత్రం ఏడు గంటలకు మీ దళం ఎక్కడుంది, మీ ముందు ఎవరున్నారు, పొలంలో పంట ఏమిటి అని అడిగాడు. వందల జవాబులు వచ్చాయి. 1838లో లండన్‌లో ప్రదర్శనకు పెట్టినప్పుడు ఆ నమూనా నాలుగు వందల చదరపు అడుగులుంది, దాని మీద సెంటీమీటరు ఎత్తు బొమ్మలు డెబ్బై వేలకు పైగా ఉన్నాయి. జనం విరగబడి చూశారు. ఆ యుద్ధంలో బ్రిటిష్ సేనాపతి అయిన వెల్లింగ్టన్ ప్రభువు మాత్రం కన్నెత్తి చూడలేదు. కారణం, జవాబుల ప్రకారం సైబోర్న్ బ్రిటన్‌కు మిత్రులైన ప్రష్యా సేనను యుద్ధభూమిలో చాలా ముందుకు నిలిపాడు. విజయంలో వారి వాటా ఎంతో బల్ల మీద ఎవరికైనా కనబడుతుంది. ప్రభుత్వం అంతకుముందే డబ్బు ఆపేసింది, అతను అప్పులపాలయ్యాడు. చివరికి వేలకొద్దీ ప్రష్యన్ బొమ్మలను పీకేశాడు. ఆ నమూనా నేడు లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. పుస్తకంలో ఒక వాక్యం దిద్దితే ఎవరికీ తెలియకపోవచ్చు. బల్ల మీద ఖాళీ స్థలం కళ్లకు కడుతుంది. అధికారం ఉన్నవాళ్లు బొమ్మలకు భయపడడంలో ఆశ్చర్యం లేదు.

బైబిలు నేల, ఆధునిక యుద్ధం, మన ప్రాంతం మూడూ కలిసే దృశ్యం ఒకటుంది: 1918 సెప్టెంబరు 23, హైఫా. నల్లగొండ, మహబూబ్‌నగర్ అప్పుడు నిజాం రాజ్యంలోవి. జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ లాన్సర్లు (ఈటెలు పట్టే అశ్వికులు) కలిసిన 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్వదళ బ్రిగేడ్ పాలస్తీనాలో తుర్కులతో పోరాడుతోంది. ఆ రోజు మరతుపాకులకు ఎదురుగా ఈటెలతో దూకింది జోధ్‌పూర్, మైసూరు దళాలు. ఈ మూడు దళాల గుర్తుగా ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలో నిలబెట్టిన విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్‌ది. జోధ్‌పూర్ దళం మొదట దాటబోయి ఊబిలో చిక్కుకున్న వాగు పేరు కీషోను. బైబిల్లోని న్యాయాధిపతుల గ్రంథంలో కనాను సేనాధిపతి సీసెరా తొమ్మిది వందల ఇనుప రథాలతో వచ్చి ఓడిపోయింది, దెబోరా పాటలో శత్రువులు కొట్టుకుపోయింది ఆ కీషోనులోనే. పక్కన కర్మెలు కొండ, ఏలీయా ప్రవక్త బయలు అనే దేవత ప్రవక్తలను సవాలు చేసిన చోటు. మైసూరు గుర్రాలు ఎక్కింది ఆ కొండనే. బ్రిటిష్ సేనాధిపతి అలెన్‌బీ తర్వాత తన బిరుదులో మెగిద్దో పేరు చేర్చుకున్నాడు, ప్రకటన గ్రంథంలో అంతిమ యుద్ధపు చోటు అర్మగెద్దోను గురించి చదివినవారికి ఆ పేరు ఎందుకు ఎంచుకున్నాడో వెంటనే తడుతుంది.

ఈ దృశ్యాన్ని బొమ్మల్లో చేయాలనుకునేవారికి ఉచ్చు ఒకటుంది. భారతీయ అశ్వికుల బొమ్మలు పాత సెట్లలో విరివిగా ఉన్నాయి, కానీ ఎక్కువగా కవాతు దుస్తుల్లో: నీలం, పసుపు అంగీలు, జరీ తలపాగాలు. హైఫాలో వాళ్లు ఖాకీలో, దుమ్ములో ఉన్నారు. రంగుల సిపాయి అందంగా ఉంటాడు, అల్మారాలో వెలుగుతాడు. ఖాకీ సిపాయి పక్కన ఊబిలో మునిగిన గుర్రం ఉంటుంది. నేనైతే రెండోదే చేస్తాను.

ఈ ప్రాంతపు క్రైస్తవానికి సంబంధించిన ఒక విచిత్రం కూడా ఇక్కడే చెప్పాలి. నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, గద్వాల ప్రాంతాల్లో బలంగా ఉన్న మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలు ఆయుధం పట్టకూడదని నమ్మే సంప్రదాయం నుంచి వచ్చాయి. ఆ నమ్మకం కోసమే వాళ్ల పూర్వికులు ఐరోపాలో దేశాలు మారారు. నల్లగొండలో 1976 నుంచి కథోలిక మేత్రాసనం ఉంది, అక్కడ స్వరూపాలకు చోటుంది. ప్రొటెస్టెంటు గుడుల్లో సాధారణంగా ఉండదు, విగ్రహాలు చేసుకోకూడదన్న నిర్గమకాండం 20వ అధ్యాయపు ఆజ్ఞ అడ్డొస్తుంది. కాబట్టి బైబిల్లోని యెరికో పట్టణపు ముట్టడి బొమ్మల సెట్టు ఒక ఇంట్లో పాఠం, ఒక ఇంట్లో అలంకారం, ఇంకో ఇంట్లో ఇబ్బంది. గిద్యోను కథ అందరికీ అనుకూలం అనిపిస్తుంది నాకు. ముప్పై రెండు వేల మందిని మూడు వందలకు తగ్గించి, చేతికి బూర, ఖాళీ కుండ, కుండలో దివిటీ ఇచ్చి పంపిన యుద్ధం అది. బొమ్మ చేసేవాడికి కూడా లాభమే, కత్తులు తక్కువ, కుండలు ఎక్కువ.

కొని తెచ్చుకున్నాక కాపాడుకోవడం గురించి కొంచెం. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉంటుంది, పిల్లల నోటికి అందనివ్వకూడదు, ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. సీసానికి శత్రువు చెక్క. ఓకు వంటి చెక్క, ప్లైవుడ్, అట్టపెట్టెల నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి మూసిన బీరువాలో పేరుకుని, సీసాన్ని తెల్లటి పొడిగా మారుస్తుంది. రంగు పెచ్చు కింద నుంచి ఉబ్బి, ఒక రోజు సిపాయి చీలమండ దగ్గర విరుగుతాడు. వానాకాలపు తేమ దాన్ని తొందర చేస్తుంది. అద్దం, ఉక్కు ఉన్న అల్మారా, గాలి ఆడే సందు మేలు. చలిదేశాల్లో స్వచ్ఛమైన తగరం 13 డిగ్రీల కిందకు పోయి చాలా కాలం ఉంటే బూడిద పొడిగా రాలే జబ్బు ఒకటుంది. నల్లగొండ వాళ్లకు ఆ బెంగ అక్కర్లేదు. మనకు ఎండ ఉంది. మే నెలలో కిటికీ పక్కన పెట్టిన రెసిన్ (పోసి గట్టిపరచే ఒక రకం ప్లాస్టిక్) బొమ్మల కత్తులు, ఈటెలు వంగిపోతాయి. వేడినీళ్లలో ముంచి మెల్లగా సరిచేసి, చన్నీళ్లలో పెడితే మళ్లీ నిలబడతాయి.

ఇక మన చరిత్ర. 1459 ప్రాంతంలో బహమనీ సుల్తాను హుమాయూన్ షా సేనలు దేవరకొండ కోటను ముట్టడించాయి. లోపల రేచర్ల పద్మనాయకుల లింగమనాయకుడు, సాయంగా ఒడిశా నుంచి గజపతుల సేన. రెండు వైపుల నుంచి చిక్కి బహమనీ సేన చెదిరిపోయింది. ఇంతకంటే మంచి దృశ్యం ఏ బొమ్మల కంపెనీకి దొరుకుతుంది? అయినా దీన్ని బొమ్మల్లో నేనెక్కడా చూడలేదు. ఆధారాలు కొరవడ్డాయని కాదు. ఊరి చివర పసుపు కుంకుమల కింద మునిగిన వీరగల్లులు ఉన్నాయి. చాలా వీరగల్లుల్లో కింది అరలో పోరు, మధ్య అరలో వీరుణ్ణి మోసుకుపోయే అప్సరసలు, పై అరలో స్వర్గం. కింది అరలో కత్తి పట్టు, డాలు గుండ్రం, మొలకట్టు, జుట్టు ముడి అన్నీ చెక్కి ఉంటాయి. పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత యుద్ధాలున్నాయి. అవి దేవతల కథలు కనుక దుస్తులను యథాతథంగా తీసుకోకూడదు, కానీ చెక్కినవాడు తన కాలపు కత్తినీ జీనునూ చూసే చెక్కాడు. ట్రాజన్ స్తంభంతో ఐరోపావాళ్లు పడ్డ తంటాలే మనమూ ఇక్కడ పడాలి.

కోటంతా చేయాలనుకుంటే మాత్రం కుదరదు. 1/32లో కిలోమీటరు గోడ 31 మీటర్లవుతుంది, ఇంట్లో పట్టదు. ఒక్క ద్వారం, దాని ముందు ఇరవై అడుగుల నేల తీసుకుంటే బల్ల మీద రెండడుగుల్లో సరిపోతుంది. పాతిక మంది మనుషులు, రెండు గుర్రాలు చాలు. గజపతుల సేన కనుక ఏనుగు ఉండి తీరాలని పట్టుబడితే, తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు జంతువుకు పట్టే లోహం ముందే లెక్క చూసుకోండి, లేదంటే దాన్ని రెసిన్‌లో పోయించండి.